సంతకానికీ సర్టిఫికెట్‌కీ మధ్య

ఎడిటర్ గారికి,

నమస్కారం. మీ ఉత్తరాల పేజీలో ఈమధ్య ఒక పాఠకుడు యూనియన్ల గురించి రాసిన లేఖ చదివాను. యూనియన్ పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోనే ఉంది కదా, ఎవరు వద్దన్నారు, పెట్టుకోకపోతే అది కార్మికుల చేతకానితనమే అని ఆయన తేల్చేశారు. మొదటి మాట నిజమే. 19(1)(సి) అధికరణంలో ఆ హక్కు ఉంది. రెండో మాటతోనే నాకు పేచీ. ఆ చేతకానితనం ఎలా తయారవుతుందో నా టేబుల్ మీదే చూస్తుంటాను కాబట్టి రాస్తున్నాను.

నేను లేబర్ ఆఫీసు ఎదురుగా అర్జీలు టైపు చేసి బతికేవాడిని. ఒకప్పుడు టైప్ మిషన్ మీద, ఇప్పుడు కంప్యూటర్ మీద. గ్రాట్యుటీ ఇవ్వలేదని, పీఎఫ్ కట్టలేదని, మిషన్‌లో వేలు తెగితే నష్టపరిహారం రాలేదని వచ్చేవాళ్లే ఎక్కువ. అప్పుడప్పుడు యూనియన్ రిజిస్ట్రేషన్ కాగితాలు కూడా వస్తాయి. నేను ఏ యూనియన్‌లోనూ లేను, ఏ పార్టీ జెండా నా గదిలో లేదు. అన్ని రంగుల వాళ్లూ నాకు గిరాకీయే. కంపెనీల వకీళ్ల జూనియర్లు కూడా కౌంటర్, అంటే కేసులో వేసే జవాబు, అర్జెంటుగా కావాలంటే నా దగ్గరికే పరుగెత్తుకొస్తారు.

యూనియన్ కాగితాలు టైపు చేసిన కొన్ని వారాలకు అవే పేర్లు మళ్లీ నా దగ్గరికి రావడం నాకు అలవాటైపోయింది. ఈసారి విషయం వేరే ఉంటుంది: "నన్ను అక్రమంగా పనిలోంచి తొలగించినందున..." తండ్రి పేరు, వయసు, డోర్ నంబర్ మళ్లీ అడగక్కర్లేదు. పాత ఫైల్లోంచి తీసి అతికించుకోవడమే.

రిజిస్ట్రేషన్ దరఖాస్తులో ఏముంటుందో మీ పాఠకులకు తెలియకపోవచ్చు. యూనియన్ పేరు, ఆఫీసు చిరునామా, నియమావళి రాయాలి. దరఖాస్తు పెట్టేవాళ్ల పేర్లు, చేసే పని, చిరునామాలు ఇవ్వాలి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఎవరో వయసుతో సహా రాయాలి. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం ప్రకారం ఏడుగురు సంతకాలు పెడితే సరిపోయేది. 2001లో చేసిన సవరణతో ఇంకో షరతు వచ్చింది. ఆ సంస్థలో పనిచేసేవాళ్లలో పది శాతం మందో, వంద మందో, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి. ఏడుగురికి మాత్రం తగ్గకూడదు. 2025లో ఆ చట్టం స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఇవే షరతులు. కాగితం మీద ఇదేమంత పెద్ద షరతు కాదు. మరి పది శాతం లెక్క తేలాలంటే మొత్తం ఎంతమంది పనిచేస్తున్నారో తెలియాలి. ఆ లెక్క ఎవరి దగ్గర ఉంటుంది? మేనేజ్‌మెంట్ దగ్గర. విచారణకు వెళ్లిన అధికారి మంచివాడే కావచ్చు, రూలు ప్రకారమే పోవచ్చు. ఆయన ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చుని "ఈ పేర్లవాళ్లు మీ దగ్గర పనిచేస్తున్నారా?" అని అడిగిన నిమిషానికి ఆ కాగితం మీద ఎవరున్నారో అందరికీ తెలిసిపోతుంది.

ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్ల సంగతి చెబుతాను. కంపెనీ పేరు చెప్పను, అది నా పని కాదు. వాళ్లంతా కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లు. షిఫ్ట్ అయ్యాక యూనిఫాం మీదే వచ్చారు. అడిగిందేమీ గొంతెమ్మ కోరిక కాదు. ఓవర్‌టైమ్‌కు చట్టం చెప్పినట్టు రెట్టింపు లెక్క కట్టాలి, బాత్రూమ్‌కు వెళ్లిన నిమిషాలు సూపర్‌వైజర్ నోట్‌బుక్‌లో రాసుకోవడం ఆపాలి. ఈ రెండో దాని గురించి మాట్లాడేటప్పుడు వాళ్ల గొంతులు మారిపోయాయి. డబ్బు సంగతి చెప్పినప్పుడు అంత కోపం లేదు.

కోశాధికారిగా పేరు రాయించుకున్నావిడ దరఖాస్తు మొత్తం నాచేత చదివించుకుంది. చదివాక అడిగిన ప్రశ్న ఒకటే: "అన్నా, ఈ కాగితం ముందు ఎవరి టేబుల్ మీదికి పోతుంది?" లేబర్ ఆఫీసుకే అమ్మా అన్నాను. "ఆ తర్వాత?" అంది. దానికి నేను ఏం చెప్పాలి? ఆవిడే నవ్వి సంతకం పెట్టేసింది. పక్కనున్న ఇద్దరు మాత్రం రేపు వస్తామని వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. వాళ్లది చేతకానితనమని ఆ పాఠకుడు అనుకోవచ్చు. ఒకావిడకు అద్దె ఇల్లు, ఇద్దరు చదువుకునే పిల్లలు, మంచాన పడిన భర్త. ఆవిడ లెక్క ఆవిడ వేసుకుంది.

తర్వాత జరిగింది వరసగా చెబుతాను. ముందు, అప్పటిదాకా ఎన్నడూ లేనిది, సెక్షన్ అంతటికీ జీతం కొంచెం పెంచారు. ఆ వెంటనే హెచ్‌ఆర్ వాళ్లు ఒక్కొక్కరినే పిలిచి, మనమంతా ఒక కుటుంబం, బయటివాళ్ల మాటలు వినొద్దు అని చెప్పి, ఏమీ రాయని కాగితం మీద సంతకం పెట్టమన్నారు. ముగ్గురు పెట్టారు. వాటి మీద ఆ తర్వాత "నాకు తెలియకుండా నా పేరు రాశారు" అన్న మాటలు చేరాయి. ఆ పైన కాంట్రాక్టర్ మారాడు. కొత్త కాంట్రాక్టర్ పాతవాళ్లందరినీ తీసుకున్నాడు, దరఖాస్తులో గట్టిగా నిలబడ్డవాళ్లను తప్ప. వాళ్లకు గేట్ పాస్ రెన్యువల్ కాలేదు. సెక్యూరిటీ అతను "లిస్టులో పేరు లేదమ్మా" అన్నాడట. అంతే. ఛార్జిషీట్ లేదు, ఎంక్వైరీ లేదు, తీసేసినట్టు ఒక్క ముక్క కాగితం కూడా లేదు. లేని కాగితం మీద అప్పీలు టైపు చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇక్కడ చట్టం ఏం చెబుతోందో చూడండి. పాత పారిశ్రామిక వివాదాల చట్టానికి 1982లో చేసిన సవరణతో ఐదో షెడ్యూల్ వచ్చి చేరింది. అందులో అన్యాయపు కార్మిక విధానాల జాబితా ఉంది. యూనియన్‌లో చేరమని తోటివాళ్లను కోరినందుకు పనిలోంచి తీసేయడం అందులో ఉంది. బెదిరించడం ఉంది, దురుద్దేశంతో బదిలీ చేయడం ఉంది, మేనేజ్‌మెంటే సొంత యూనియన్ పెట్టించడం ఉంది. యూనియన్ కట్టుకుంటున్న కీలక సమయంలో దాన్ని దెబ్బతీయడానికి జీతం పెంచడం కూడా తప్పేనని రాసి ఉంది! అది రాసినవాళ్లు ఇలాంటి ప్యాకింగ్ సెక్షన్ ఏదో దగ్గర్నుంచి చూసే ఉంటారు. శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని ఉండేది. వినడానికి గట్టిగానే ఉంది. అయితే బాధపడ్డ కార్మికుడు నేరుగా వెళ్లి ఈ కేసు వేయలేడు. ప్రభుత్వం తరఫున ఫిర్యాదు వెళ్తేనే కోర్టు తీసుకుంటుంది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ జాబితా ఉంది, జరిమానా 10 వేల నుంచి 2 లక్షల దాకా పెంచారు. మంచిదే. మరి యూనియన్ పెట్టినందుకు తీసేశామని ఏ మేనేజ్‌మెంట్ కాగితం మీద రాసిస్తుంది? గైర్హాజరు అంటారు, ప్రవర్తన బాగాలేదంటారు, పని తగ్గిందంటారు, కాంట్రాక్ట్ ముగిసిందంటారు. నేను టైపు చేసిన కౌంటర్లలో యూనియన్ అన్న మాటే కనబడదు.

రక్షిత కార్మికులు అని ఇంకొక ఏర్పాటు ఉంది. వివాదం నడుస్తుండగా, దాన్ని విచారిస్తున్న అధికారి ముందస్తు అనుమతి లేకుండా వీళ్లను తీసేయడానికి వీల్లేదు. సంస్థలో ఒక శాతం మందికి, కనీసం ఐదుగురికి, ఎక్కువలో ఎక్కువ వంద మందికి ఈ రక్షణ ఇవ్వాలి. ఇది నిజంగా పనికొచ్చే ఏర్పాటు, దీనివల్ల నిలబడ్డ నాయకుల్ని నేను చూశాను. కానీ ఇది రిజిస్టరైన యూనియన్ నాయకులకే. పాత చట్టంలోనూ అంతే, కొత్త కోడ్‌లోనూ అంతే.

అంటే సర్టిఫికెట్ వచ్చాక రక్షణ ఉంది. పేరే బయటపడనప్పుడు రక్షణ అవసరమే లేదు. సంతకం పెట్టిన రోజుకూ సర్టిఫికెట్ చేతికొచ్చే రోజుకూ మధ్య, పేర్లన్నీ బయటపడి ఉన్న ఆ కొన్ని నెలల్లో మాత్రం ఆచరణలో రక్షణ ఏమీ లేదు. దెబ్బ పడేది అప్పుడే. కంపెనీల సలహాదారులకు ఈ సంగతి బాగా తెలుసు. తెలియనిది ఉత్తరాల పేజీకి రాసే మనలాంటి వాళ్లకే.

ఆ కొన్ని నెలలు ఎంత పొడవవుతాయో శాంసంగ్ వ్యవహారంలో దేశమంతా చూసింది. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీ కార్మికులు 2024లో యూనియన్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టారు. సెప్టెంబర్‌లో మొదలుపెట్టి నెలకు పైగా సమ్మె చేశారు. యూనియన్ పేరులో తమ పేరు ఎలా పెట్టుకుంటారని కంపెనీ అభ్యంతరం. విషయం మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. చివరికి 2025 జనవరిలో రిజిస్ట్రేషన్ వచ్చింది. వెయ్యిమందికి పైగా పర్మినెంట్ కార్మికులు ఒక్కమాట మీద ఉన్నారు, వెనక సీఐటీయూ అనే జాతీయ కార్మిక సంఘం ఉంది, రోజూ పత్రికల్లో వార్తలు వచ్చాయి. అంత బలం ఉంటేనే అంతకాలం పట్టింది. కాంట్రాక్టర్ కింద పనిచేసే నలభైమంది ఆడవాళ్లకు ఎంతకాలం పట్టాలి?

కాంట్రాక్ట్ వాళ్ల కష్టం అక్కడితో ఆగదు. కంపెనీని అడిగితే "వాళ్లు మా కార్మికులే కారు, కాంట్రాక్టర్‌ను అడగండి" అంటుంది. కాంట్రాక్టర్‌ను అడిగితే "కంపెనీ బిల్లు పెంచితేనే నేను పెంచగలను" అంటాడు. 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు, ఏదైనా పనిలో కాంట్రాక్ట్ పద్ధతిని నిషేధించినా ఆ కార్మికులు దానంతటదే అసలు కంపెనీ ఉద్యోగులైపోరని చెప్పింది. ఆ తీర్పు వచ్చాక పర్మినెంట్ చేయమనే అర్జీలు నా దగ్గర బాగా తగ్గాయి. వకీళ్లే వద్దనేవారు. యాప్‌ల మీద బండ్లు నడిపే కుర్రాళ్లు వచ్చినప్పుడైతే యజమాని అన్న గడిలో ఏం టైపు చేయాలో నాకే తోచదు. కంపెనీ వాళ్లను భాగస్వాములంటుంది. సామాజిక భద్రత కోడ్‌లో గిగ్ వర్కర్లకు నిర్వచనమైతే ఇచ్చారు గానీ ఉద్యోగులని మాత్రం అనలేదు. వాళ్లకు గేటూ లేదు, సెక్యూరిటీ అతనూ లేడు. గ్రూపులో నాలుగు మాటలు మాట్లాడినవాడి ఐడీ పొద్దున్నే లేచేసరికి బ్లాక్ అయి ఉంటుంది.

ఆ పాఠకుడు ఇంకో మాట కూడా రాశారు. యూనియన్ నాయకులే కార్మికుల్ని ముంచుతారని. దీన్ని నేను కొట్టిపారేయను. చందా రశీదు పుస్తకం ఉంటుంది, లెక్క ఉండదు. ఏటా పంపాల్సిన రిటర్నులు పంపక రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకున్న యూనియన్లకు మళ్లీ కాగితాలు టైపు చేసింది నేనే. ఒకే ఫ్యాక్టరీలో ఒకే పేరు మీద ఒక అక్షరం తేడాతో రెండు యూనియన్లు, రెండింటికీ పైన ఒకే పార్టీ నాయకుడి ఇద్దరు అల్లుళ్లు, ఇలాంటివీ చూశాను. నవ్వొస్తుంది, తర్వాత బాధేస్తుంది.

అయితే దొంగ నాయకుడిని వదిలించుకోవడానికి కార్మికుల చేతిలో ఓటు ఉండాలి. సింగరేణిలో 1998 నుంచి రహస్య బ్యాలెట్ మీద గుర్తింపు సంఘాన్ని, అంటే మేనేజ్‌మెంట్‌తో చర్చలు జరిపే సంఘాన్ని, ఎన్నుకుంటున్నారు. 2023 డిసెంబర్ 27న జరిగిన ఎన్నికల్లో దాదాపు 40 వేల మంది ఓటర్లున్నారు. ఏఐటీయూసీ గుర్తింపు సంఘంగా గెలిచింది, అంతకుముందు ఆ హోదాలో ఉన్న సంఘం దిగిపోయింది. పనిచేయనివాళ్లను కార్మికులు ఓటుతో దించగలరని అక్కడ తేలింది. అక్కడ కూడా కాంట్రాక్ట్ కార్మికులకు ఆ ఓటు లేదన్నది వేరే సంగతి, అదే పెద్ద సంగతి కూడా.

హక్కును ప్రభుత్వం పిలిచి ఇచ్చిందన్నట్టు ఆ లేఖలో ఉంది, అందుకే కొంచెం చరిత్ర. 1918లో మద్రాసులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికులు మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టుకున్నారు. బి.పి. వాడియా దానికి అధ్యక్షుడు. తర్వాత మిల్లు యాజమాన్యం వాడియా మీద, మరికొందరి మీద దావా వేసింది. కార్మికుల్ని రెచ్చగొట్టి తమకు నష్టం చేశారన్నది వాళ్ల వాదన. హైకోర్టు ఇంజంక్షన్ ఇచ్చింది. వాడియా యూనియన్ వ్యవహారాల నుంచి తప్పుకోవలసి వచ్చింది. యూనియన్ పెట్టినవాడికి చట్టపు రక్షణ లేకపోతే ఏమవుతుందో ఆ కేసుతో అందరికీ అర్థమైంది. కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో పట్టుబట్టారు. 1926లో చట్టం వచ్చింది. యూనియన్ పనిని నేరపూరిత కుట్ర అని కేసు పెట్టకుండా 17వ సెక్షన్, సమ్మె వల్ల నష్టం వచ్చిందని సివిల్ దావా వేయకుండా 18వ సెక్షన్ రక్షణ ఇచ్చాయి. ఆ రక్షణ కూడా రిజిస్టరైన యూనియన్‌కే. మళ్లీ అదే సర్టిఫికెట్ దగ్గరికి వచ్చి ఆగుతున్నాం, చూశారా?

అంతర్జాతీయ కార్మిక సంస్థలో భారతదేశం 1919 నుంచి, అంటే అది పుట్టినప్పటి నుంచి సభ్యదేశం. ఆ సంస్థ 1948లో చేసిన 87వ ఒప్పందం, ఎవరి ముందస్తు అనుమతీ లేకుండా సంఘం పెట్టుకునే హక్కు గురించి. 1949లో చేసిన 98వ ఒప్పందం మొదటి అధికరణమే యూనియన్ కారణంగా ఉద్యోగానికి ముప్పు రాకుండా రక్షణ ఉండాలంటుంది. ఈ రెండింటినీ మన దేశం ఇంతవరకు ఆమోదించలేదు. ప్రభుత్వోద్యోగుల సర్వీసు నిబంధనలతో పొసగదని ప్రభుత్వాలు చెబుతూ వచ్చాయి. ప్రభుత్వోద్యోగుల నిబంధనల కోసం మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్ వాళ్లు ఎందుకు ఆగాలో నాకు అర్థం కాదు.

కొత్త కోడ్‌లో మిగతా విషయాల మీద చర్చ బాగానే జరుగుతోంది. 51 శాతం సభ్యత్వం ఉన్న యూనియన్ ఒక్కటే మేనేజ్‌మెంట్‌తో చర్చలు జరుపుతుంది, అలాంటిది లేకపోతే 20 శాతానికి తగ్గనివాటితో చర్చల మండలి ఏర్పడుతుంది. గుర్తింపు ఇచ్చి తీరాలని కేంద్ర చట్టంలో ఇదివరకు లేదు, కాబట్టి అది ఒక అడుగే. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు అన్ని పరిశ్రమలకూ తప్పనిసరి చేశారు. సగం మంది ఒకేసారి క్యాజువల్ లీవ్ పెట్టినా సమ్మె కిందే లెక్క. స్టాండింగ్ ఆర్డర్లు, అంటే రాతపూర్వక పని నిబంధనలు, 300 మందికి తగ్గకుండా ఉన్న సంస్థలకే అన్నారు. ఇవన్నీ యూనియన్ అంటూ ఒకటి నిలబడ్డాక వచ్చే గొడవలు. నా మెట్లెక్కి వచ్చేవాళ్లలో చాలామంది అంతదూరం రారు.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల కార్మిక శాఖలకు మీ పత్రిక ద్వారా నేను అడిగేది ఇది. రిజిస్ట్రేషన్ దరఖాస్తు అందినట్టు ముద్ర పడిన రోజు నుంచే అందులో సంతకం పెట్టినవాళ్లకు రక్షిత కార్మికుల హోదా వర్తించాలి. కాంట్రాక్టర్ మారినా అది పోకూడదు. ఆ కాలంలో వాళ్లలో ఎవరినైనా తీసేస్తే, కారణం యూనియన్ కాదని నిరూపించే భారం మేనేజ్‌మెంట్ మీదే ఉండాలి. ఇందుకు చట్టం మార్చాల్సి వస్తే మార్చమని కేంద్రానికి రాయాలి. సభ్యత్వం సరిచూడటానికి పేర్ల జాబితాను ఫ్యాక్టరీ ఆఫీసులో పరచక్కర్లేదు. హాజరు రిజిస్టర్‌ను, పీఎఫ్, ఈఎస్ఐ రికార్డులను లేబర్ ఆఫీసుకే తెప్పించుకుని అక్కడే పోల్చుకోవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. రిజిస్ట్రార్ ఎన్ని రోజుల్లో తేల్చాలో గడువు పెట్టి, గడువు దాటితే ఎందుకు దాటిందో రాతపూర్వకంగా చెప్పమనాలి.

మీ విలేకరులకు కూడా ఒక మనవి. ప్రతి జిల్లాలో సమాచార హక్కు కింద రెండు లెక్కలు అడగండి. ఎన్ని యూనియన్ దరఖాస్తులు పెండింగ్‌లో ఉన్నాయి, వాటి మీద సంతకాలు పెట్టినవాళ్లలో ఎంతమంది ఆ తర్వాత పనిలోంచి తీసేశారని అదే ఆఫీసులో అర్జీ పెట్టుకున్నారు. రెండు రకాల కాగితాలూ ఒకే భవనంలో వేర్వేరు బీరువాల్లో ఉంటాయి. పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు.

ఆ ప్యాకింగ్ సెక్షన్ కేసు ఇంకా లేబర్ కోర్టులో నడుస్తోంది. వాయిదా ఉన్నప్పుడల్లా కోశాధికారి వచ్చి కాపీలు తీయించుకుపోతుంది. ఇప్పుడు ఇంకోచోట బట్టల దుకాణంలో పని. అక్కడ యూనియన్ ఉందా అమ్మా అని నేను అడగలేదు.

నా పేరు, ఊరు ప్రచురించవద్దని కోరుతున్నాను. ప్రచురిస్తే ఇకపై ఇలాంటి దరఖాస్తులు నా దగ్గరికి తేవడానికి జనం వెనకాడతారు.

ఇట్లు,
లేబర్ ఆఫీసు ఎదుట అర్జీలు టైపు చేసే మీ పాఠకుడు